పొలిమేర అవతలి రాట్నం

కుప్పమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. వీపు ఒక ద్వారబంధానికి ఆనించి, పాదాలు రెండోదానికి తన్నిపెట్టి కూర్చుంది. ముందు వాకిట బయటికి పోవాలంటే ఆమెను తొక్కుకుని పోవాల్సిందే.

లోపల జయంతి సంచిలో చీరలు కుక్కుతోంది.

"తొక్కుకోని పో," అంది కుప్పమ్మ. "కన్నతల్లిని తొక్కేదానికి పొలిమేర దాటేది ఒక లెక్కా."

"లెయ్యి మా."

"రాత్రి సాటింపు అయిపాయ. డప్పు ఇన్న్యావా లేదా?"

"ఇన్నాను."

"ఇన్నాక గూడా సంచి సర్దుతా ఉండావంటే నీకు గంగమ్మంటే భయం లేదు."

"భయం ఉండాది. గంగమ్మంటే ఉండాది, క్రేనంటే గూడా ఉండాది. శుక్రారం రెండిట్లో ఏది ముందొస్తాదో నువ్వే సెప్పు."

కుప్పమ్మ పాదాలు ఇంకా గట్టిగా తన్నిపెట్టింది.

తిరుపతిలో గంగమ్మ జాతరకు చాటింపు వేశాక ఊరివాళ్ళు ఊరు దాటరు. ఆ రాత్రి ఊళ్ళో తలవాల్చినవాడు జాతర ముగిసేదాకా పొలిమేర లోపలే ఉండాలి. పరాయి ఊరివాడు డప్పు మోగకముందే వెళ్ళిపోవాలి. కుప్పమ్మ మెట్టి వచ్చిననాటి నుంచి ఈ కట్టు తప్పింది ఒక్కసారే. తప్పింది ఆమె మొగుడు. మద్రాసు బీచిలో తను పిల్లల్ని ఎక్కించి తిప్పే రాట్నం ఇరుసు విరిగిందని జాతర నడుమ బయల్దేరి పోయినాడు. పుత్తూరు దాటలేదు. తెల్లగుడ్డలో తిరిగొచ్చినాడు.

"మీ నాయన మాదిరే పోతావా?"

"నాయన్ని సంపింది పొలిమేర కాదు మా. బ్రేకుల్లేని లారీ. ఆ లారీవోడికి ఏ సాటింపూ లేదు. వాడు ఈ పొద్దుకీ తోలుతానే ఉండాడు."

ఈ మాట జయంతి ఇదివరకు చాలాసార్లు మనసులో అనుకుంది. నోటితో అనడం ఇదే మొదలు. అన్న తరవాత చేతిలో చీర మడత పెట్టలేకపోయింది. ఉండచుట్టి సంచిలో పడేసింది.

కుప్పమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. వీధిలో ఎవరో వేపమండలు తోరణం కడుతూ కూనిరాగం తీస్తున్నారు. 

క్రేను సంగతి పొద్దున ఫోను చేసి చెప్పింది మోహన. నీలాంగుప్పం బీచిలో జయంతి రాట్నానికి ఆనుకునే ఉంటుంది ఆమె బజ్జీల బండి.

నీలాంగుప్పం మద్రాసుకు దక్షిణాన సముద్రం ఒడ్డు పేట. సాయంత్రమైతే సగం పట్నం అక్కడే. అలలకు ఎదురుగా గుడి, ఇంకో కొసన చర్చి, నడుమ ఇసకలో గుర్రాలు, చిలక జోస్యం, బెలూన్లు కాల్చే తుపాకీలు, మిరపకాయ బజ్జీ, సుండలనే పటాణీ గుగ్గిళ్ళు. గుడికొచ్చినోడు చర్చి చూసి పోతాడు, చర్చికొచ్చినోడు బజ్జీ తిని పోతాడు. ఎవడొచ్చినా వాడి బిడ్డ మాత్రం రాట్నం కాడ ఆగి ఏడుస్తుంది. నాలుగు తొట్లు, ఒక ఇరుసు, జయంతి రెండు చేతులు. కరెంటు లేదు, మోటారు లేదు. ఊచలు పట్టి లాగి లాగి ఆమె అరచేతులు మగవాడి మడమల మాదిరి అయినాయి.

ఇప్పుడా ఒడ్డును అందంగా చేస్తారంట. పేదోడు కంటికి కనపడకుండా చేస్తే దానికి అందమని పేరు. చెక్కలు పరుస్తారు, దీపాలు పెడతారు, కంచె వేస్తారు, కంచెకు ఒక వాకిలి పెట్టి ఆడ ఒకణ్ణి నిలబెడతారు. పొద్దున్నే కుక్కలను పట్టుకుని నడకకొచ్చే పెద్దమనుషులకు ఇన్నాళ్ళూ కుక్క చేసింది కనపడలేదు. రాట్నం తుప్పు కనపడింది.

పని చేసే కంపెనీ మనుషులు పచ్చ జాకెట్లు వేసుకుని వచ్చి ఒక మాట చెప్పి పోయినారు. శుక్రవారం పొద్దున వస్తాం. ఎవరి వస్తువు కాడ వాళ్ళు నిలబడి ఉండండి. నిలబడినోడికి కొత్త కంచె లోపల ఇనుప మేకు కొట్టి వాడి పేరున తావు ఇస్తాం. మనిషి లేని వస్తువును క్రేను ఎత్తి లారీలో వేస్తుంది.

ఆ ఒడ్డున ఆటలు నడిపేవాళ్ళలో సగంమంది తిరుపతివాళ్ళు. చాటింపుకు ముందే అంతా మూసి ఊరికొచ్చేస్తారు. ఏ ఏడయినా అంతే. కంపెనీ ఎంచుకున్నదీ ఆ వారమే, ఆ శుక్రవారమే.

"ఇది తెలిసినోడే సెప్పినాడు మా," అంది జయంతి. "అరవోడికి మన సాటింపు ఎట్ల తెలుస్తాది? మనోడే ఎవుడో సెప్పినాడు."

పెరట్లో చెంబు చప్పుడు ఆగింది.

అక్కడ ఆమె అన్న ధనంజయ గోచీ పెట్టుకుని ఒంటికి నామంసుద్ద పూసుకుంటున్నాడు. జాతర మొదటిరోజు బైరాగి వేషం. అతనికి మొక్కు ఉంది. ముఖం, మెడ, రొమ్ము అయిపోయినాయి. చేతులు మిగిలినాయి. తెల్లటి ముఖంలో రెండు కళ్ళు మాత్రం నల్లగా కదులుతున్నాయి.

"ఎవురిమీదబడితే వాళ్ళమీద నింద వెయ్యద్దు," అన్నాడు పెరట్లో నుంచే. "జాతర పూట."

"నిందేముండాది అన్నా. అడగతా ఉండాను. ఈ ఏడు రాలేను, ఆడ ఏందో కొలతలు పడతా ఉండారు అంటే నువ్వే గదా ఫోను సేసినావు. అమ్మకు బాగలేదు, మంగళారం లోపల రా అన్న్యావు. ఉరుక్కుంటా వస్తే అమ్మ పిండి రుబ్బతా ఉండాది."

"తగ్గిపాయ."

"నాకేమయ్యింది తగ్గేదానికి?" అంది కుప్పమ్మ, గడప మీద నుంచి కదలకుండానే.

"ఊరుకో మా. ఆ పొద్దు తల తిరుగుతాది అనలేదా నువ్వు."

"ఎండకు ఎవురికైనా తిరుగుతాది."

ధనంజయ ఎడమ చేతికి సుద్ద రాసుకోవడం మొదలుపెట్టాడు. రాసిందే మళ్ళీ రాస్తున్నాడు.

జయంతి పెరటి వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"నన్ను పంపియ్యి అన్నా. అమ్మకు నువ్వు సెప్తే ఇంటాది."

"ఎట్ల పంపేది? నువ్వు ఈ ఊరి బిడ్డవి. రాత్రి ఈ ఇంట్లో పండుకున్న్యావు. సాటింపు నిన్ను గూడా కట్టేసినట్టే."

జయంతికి నవ్వు వచ్చింది. మంచి నవ్వు కాదు అది.

"ఈ ఊరి బిడ్డనా? నాయన పోయినాక ఎనక రూము నాకియ్యి, మద్రాసు నుంచి వచ్చినప్పుడు తలదాచుకుంటా అంటే ఏమన్న్యావు నువ్వు? నాయుడుపేటోడికిచ్చి సేసినాం, నువ్వు నాయుడుపేట మనిషివి అన్న్యావు. నాయన ఇల్లు నీకు, రాట్నం నాకు అని సెప్పి పోయినాడు, సరే అని మూసుకున్నా. పంచేటప్పుడు నాయుడుపేటదాన్ని, కట్టేసేటప్పుడు తిరపతిదాన్నా? యాదో ఒకటి సెప్పు. నాయుడుపేట మనిషినయితే నాకు సాటింపు లేదు. తిరపతి మనిషినయితే ఎనక రూము ఖాళీ సెయ్యి."

"సూసినావా మా," అన్నాడు ధనంజయ. "దీనికి రాట్నం కాదు, ఇల్లు కావాల."

"నాకు ఇల్లొద్దు. దావ ఇయ్యండి."

కుప్పమ్మ ఇద్దరికీ మధ్య గోడను చూస్తూ కూర్చుంది. కొడుకు అన్నది తప్పని ఆమెకు తెలుసు. కూతురు పోతే చస్తుందనీ ఆమెకు తెలుసు. ఈ రెండూ తెలిసిన ఆడది ఎటు మాట్లాడుతుంది?

కడకు ఆమెకే ఒక దారి తోచింది.

"అల్లుడుండాడు గదా," అంది. "ఆయప్ప ఈ ఊరోడు కాదు. రాత్రి రేణిగుంటలో పండుకున్న్యాడు. ఆయప్పకు కట్టు లేదు. ఆయప్పను పొమ్మను."

మాట నిజమే. జయంతి మొగుడు బాలచంద్రది నాయుడుపేట. పరాయి ఊరి మనిషి చాటింపు రాత్రి ఊళ్ళో ఉండకూడదని నిన్న పొద్దు మునగక ముందే రేణిగుంటలో స్నేహితుడి రూముకు పోయినాడు. రైలెక్కితే మధ్యాహ్నానికి మద్రాసు.

జయంతి ఫోను తీసింది. చాలాసేపు మోగినాక ఎత్తాడు.

"మామా, మోహనక్క ఫోను సేసింది. శుక్రారం క్రేనంట. నువ్వు పోయి రాట్నం కాడ నిలబడు. నిలబడితే చాలు, ఇంకేం సెయ్యబన్లేదు."

"నాకు జొరంగా ఉంది జయంతీ."

"రాత్రి బాగనే ఉన్న్యావే."

"తెల్లారి పట్టుకుంది. రూములోనే పడుకోనుండా."

"రేపు పోలేవా? ఎల్లుండి పొద్దున్నే గదా వాళ్ళొచ్చేది."

"చూస్తాలే. నువ్వు మాత్రం దాటొద్దు. మీ అమ్మ మాట విను. గంగమ్మతో ఆటలొద్దు."

పెట్టేశాడు.

జయంతి ఫోను చేతిలోనే పట్టుకుని నిలబడింది. ఏ ఏడు చూసినా మీ తిరుపతోళ్ళకు పిచ్చి అని నవ్వే మనిషి. బండబూతులు తిట్టి మొక్కు తీర్చుకునే ఊరు ఇదొక్కటే అని స్నేహితులకు కథలు చెప్పే మనిషి. ఈ పొద్దు గంగమ్మతో ఆటలొద్దంటున్నాడు.

"ఏమన్న్యాడు?" అంది కుప్పమ్మ.

"జొరమంట."

"మాత్తర ఏసుకోని పోతాడులే."

ధనంజయ రెల్లకాయల దండ మెడలో వేసుకున్నాడు. వేపమండ చేతపట్టాడు. ఇంకా ఎవరితోనూ మాట్లాడే పని లేనట్టు పెరటి వాకిలి వైపు నడిచాడు. ఇంటి ముందు గడప అడ్డం ఉంది కదా, పక్క సందులోనుంచి పోతున్నాడు. జయంతికీ ఆ సందు ఉంది, కానీ తల్లి దావ ఇవ్వకుండా దొంగమాదిరి పోవడం ఆమెకు ఇష్టం లేదు.

"మా, మధ్యాన్నానికి వచ్చేస్తా. నీళ్ళు కాంచి పెట్టు."

"పెడతా నాయనా. నువ్వొచ్చేసరికి ఈ గడపలోనే ఉంటా."

ఆ ఇంట్లో అదొక ఆనవాయితీ. వేషం కట్టి తిరిగొచ్చిన మగవాడి మీద ఇంటి పెద్దామె నీళ్ళు పోసి సుద్ద కడగాలి. అప్పటికిగానీ మొక్కు తీరినట్టు కాదు. తనంతట తాను కడుక్కుంటే గంగమ్మ మొహాన కడిగి పారబోసినట్టు.

ధనంజయ పోయినాడు. వీధి మొగలో పిల్లలు బైరాగి బైరాగి అని వెంటబడ్డారు.

ఇంక ఇద్దరే మిగిలారు. గడప మీద ఒకతి, గడప లోపల ఒకతి.

మోహన ఫోను మళ్ళీ వచ్చింది.

"జయంతీ, ఇంకేం దిగుల్లేదు పో. మీ ఆయన్ను పంపించినావు గదా, ముందే చెప్పొద్దా నాకు? నేను పొద్దున్నుంచి గుండె పట్టుకోని కూచోనుండా."

"ఎవుర్ని పంపించినా?"

"బాలచంద్రనే. ఈడనే ఉండాడు. ఇడ్లీ తింటా ఉండాడు చూడు నా ఎదురుగా."

జయంతికి ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికైంది. జ్వరమని చెప్పి, తనను బెంగపెట్టకుండా పోయి నిలబడినాడా? ఎంత మంచోడు. ఆ ఒక్క క్షణం మొగుణ్ణి కొత్తగా ప్రేమించింది కూడా. ఆడది ఎంత తొందరగా మోసపోతుందో చెప్పడానికి ఆ క్షణం చాలు.

"రాట్నం కాడనే ఉండాడా అక్కా?"

మోహన గొంతు తగ్గించి ఎవరినో పక్కకు పొమ్మంది.

"అక్కా?"

"రాట్నం కాడనే. కానీ... నువ్వు పంపలేదా ఆయన్ని?"

"సెప్పు."

"పచ్చ జాకెట్లోళ్ళతో వచ్చినాడే. రాట్నం నాది, మా ఆవిడ ఇంక రాదు, ఆమెకు చేతకాదు, మానేసింది అని చెప్తాండె. నువ్వే అట్ల చెప్పమన్న్యావేమో అనుకున్న్యా. ఓనరే వచ్చినాడు గదా ఇంక శుక్రారం దాకా ఏంటికి, రేపు పొద్దున్నే మేకు కొట్టేస్తాం అన్నారు వాళ్ళు. ఆయన పేరుతో. ఈ ఇనుము తీసి కంపెనీ కరెంటు రాట్నం పెడతారంట, ఆయన దానికి సూపరువైజరంట."

జయంతి గోడకు ఆనుకుంది. అరచేతుల్లో ఊచలు పట్టినచోట మంటపుట్టింది. రాట్నం ఇక్కడ లేదు, మంట మాత్రం ఉంది.

"ఫొటో గూడా దిగినారు," అంది మోహన. "పెద్దాయన్ని ఒకణ్ణి తొట్లో కూచోబెట్టి మీ ఆయన తిప్పినాడు."

"పసుపుగుడ్డ ఉండంగనే తిప్పినాడా?"

"ఇప్పేసి తిప్పినాడు."

జయంతి కళ్ళు మూసుకుంది. కానీ ఈసారి మాట్లాడింది ఆమె కాదు.

"ఏమంటా ఉండాది ఆయమ్మ?" అంది గడప మీద నుంచి కుప్పమ్మ. "పసుపుగుడ్డ ఏందిమే?"

"ఇప్పేసినాడంట మా. మనుషుల్ని ఎక్కించి తిప్పినాడంట."

కుప్పమ్మ కాళ్ళు ముడుచుకుంది.

జాతరకు ఊరికొచ్చే ముందు రాట్నం ఇరుసుకు పసుపుగుడ్డ, వేపాకు కలిపి కట్టి వస్తారు. అది కుప్పమ్మ మొగుడు పెట్టిన పద్ధతి. గుడ్డ కట్టినంతకాలం రాట్నం గంగమ్మది. జాతర ముగిసినాక కట్టిన చేతులే విప్పాలి. విప్పినాక మొదటి చుట్టు ఖాళీగా తిప్పాలి. నాలుగు తొట్లూ ఖాళీగా పైకి పోయి కిందికి రావాలి. ఆ చుట్టులో కూర్చునేది అమ్మవారు. ఆ తరవాతే మనిషి. మోహన అరవామె, ఆమె కూడా ఈ సంగతి ఎరుగును. ఖాళీ చుట్టు తిరిగేటప్పుడు ఏ ఏడయినా ఆమె కూడా బజ్జీల గరిటె పక్కన పెట్టి దండం పెట్టుకుంటుంది.

"కాళీసుట్టు తిప్పలేదా?" అంది కుప్పమ్మ.

"లేదు."

"గంగమ్మ కూచునే దాంట్లో ఎవుణ్ణో కూచోబెట్టినాడా? జాతర జరగతా ఉండంగనే?"

"అవును మా."

కుప్పమ్మ లేచింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ద్వారబంధం పట్టుకుని, లేచింది. చీర దులుపుకుంది. లోపలికి పోయి పొయ్యి మీద ఎసరు దించింది. కొడుక్కోసం పెట్టిన నీళ్ళు అవి. పొయ్యి ఆర్పింది. దేవుడి పటం ముందున్న వేపమండ ఒకటి తుంచి కొంగున కట్టుకుంది. పెరటి వాకిలికి లోపల గడియ పెట్టి, గోడకు తగిలించిన బీగం తీసుకుంది.

"బయల్దేరు," అంది.

"మా?"

"సంచి తియ్యి."

"నువ్వు యాడికి?"

"గుడ్డ కట్టేదానికి. కట్టిన సెయ్యి నీది, కట్టమని నేర్పిచ్చిన సెయ్యి నాది. ఇంకోడు ఇప్పితే నేనీడ గడప మీద కూచోని ఏం కాపలా కాస్తా? పొలిమేర దాటితే పాపం అంటివా, ఆ పాపం నేను మోస్తా. గంగమ్మకు నేను జవాబు సెప్పుకుంటా. ఆడదాని సంగతి ఆడదానికి తెలుస్తాది."

జయంతి తల్లిని చూసింది.  ఇంతసేపు గడప అడ్డంగా ఉన్న మనిషే ఇప్పుడు గడప బయట నిలబడి తొందరపెడుతోంది.

"నీకు భయంగా లేదా మా?"

"ఉండాది. నడువు."

మధ్యాహ్నందాకా స్టాండులో కాచుకుంటే దొరికిన మద్రాసు బస్సు సగం ఖాళీగా ఉంది. జాతర వారంలో ఈ ఊరినుంచి ఎక్కేవాళ్ళు తక్కువ. కిటికీ పక్క కుప్పమ్మ కూర్చుంది, ఇవతల జయంతి. కొంగున వేపాకు చేతిలో పిసుకుతూనే ఉంది ముసలామె.

కండక్టరు డ్రైవరుతో ఏదో మాట్లాడుతూ వచ్చి వాళ్ళను చూసి ఆగాడు. వేపాకు కనపడింది.

"ఏమ్మా, తిరపతోళ్ళా? సాటింపు అయినాక తిరపతోళ్ళు బస్సెక్కేది ఈ పొద్దే సూస్తా ఉండా."

"నీది ఏ ఊరు నాయనా?"

"నగరి."

"అయితే నీకు సాటింపు లేదు. పని సూసుకో."

వెనక సీట్లో ఎవరో నవ్వారు. కండక్టరు కూడా నవ్వి, ముందు సీట్ల వైపు పోయినాడు.

బస్సు స్టాండు దాటి రోడ్డెక్కింది. వీధుల్లో అక్కడక్కడ తెల్లగా పూసుకున్న బైరాగులు నడుస్తున్నారు. ముసలివాళ్ళు, వయసువాళ్ళు, చంకనెత్తుకున్న పిల్లలు కూడా. కుప్పమ్మ ఒక్కొక్క ముఖాన్నీ వెతుకుతోంది. ఆ సుద్ద కింద అందరూ ఒకటిగానే ఉన్నారు. తన కొడుకు ఎవరో ఆనవాలు పట్టలేకపోయింది.

జయంతి ఫోను మోగింది. బాలచంద్ర. బస్సు చప్పుడుకు వినపడక స్పీకరు పెట్టింది.

"వస్తా ఉండావంట," అన్నాడు. "మోహన చెప్పింది."

"వస్తా ఉండాను. జొరం తగ్గిందా మామా?"

"ఎగతాళొద్దు. నువ్వొచ్చి గలాటా చేస్తే ఉన్న తావు గూడా పోతుంది."

"రాట్నం నీదని ఎట్ల సెప్పినావు?"

"ఇంట్లో ఎవురిదైతే ఏం? మొగుడూ పెళ్ళాల్లో నీది నాది ఉంటాదా?"

"ఉండదా? అయితే ఆ జాకెట్లోళ్ళకు నా పేరు సెప్పు. రాట్నం జయంతిది, నేను ఆమె మొగుణ్ణి అని సెప్పు. ఎవురిదైతే ఏం గదా."

అవతల అలల చప్పుడు వినపడింది. 

"సెప్పు మామా. నోట్లో ఇడ్లీ ఉందా ఇంకా?"

"నీ నోటికి ఒక దండం."

"గుడ్డ ఏంటికి ఇప్పినావు? తావు కావాలంటే పక్కన నిలబడి తీసుకోనుండొచ్చు. గుడ్డ ఏంటికి ఇప్పాల?"

"ఇప్పమన్నారు, ఇప్పినా."

"ఎవురు? కంపెనీవోడికి గుడ్డ సంగతి ఎట్ల తెలుస్తాది?"

బాలచంద్ర ఊపిరి పీల్చుకున్నాడు. ఇంతసేపు బెదిరించే గొంతు ఇప్పుడు ఏడుపు గొంతయింది. దొరికిపోయినోడికి ఒంటరిగా దొరకడం ఇష్టముండదు.

"అందురూ నన్నే తిట్టండి. మీ అన్నను అడుగు పో, బావను. గుడ్డ ఇప్పి తిప్పితేనే ఓనరువని నమ్ముతారు అన్నది బావ. ఈ వారంలో అయితే తిరుపతోళ్ళు ఒక్కరూ ఉండరని కంపెనీవాళ్ళకు చెప్పింది బావ. మీ అమ్మకు బాగలేదని నిన్ను పిలిపించింది బావ. తావు నా పేరున, వచ్చేదాంట్లో ఇద్దరికీ సమానం. నేనేం చేసినా? నిలబడమన్నారు, నిలబడినా."

జయంతి ఫోను ఆపబోయింది. ఆపినా లాభం లేదు. ఆమె తల తిప్పి చూసేసరికి కుప్పమ్మ ఫోనునే చూస్తోంది.

 బస్సు ఒక చోట ఆగి ఇద్దరిని ఎక్కించుకుని కదిలింది.

"నీకు తెలుసునా మా?" అంది జయంతి.

కుప్పమ్మ వేపాకు పిసకడం ఆపింది.

"సుద్ద పూసుకున్న్యాడు," అంది. "నా ముందర కూచోని గంగమ్మకు సుద్ద పూసుకున్న్యాడు."  కూతురు అడిగినదానికి అది జవాబు కాదు.

కండక్టరు తిరిగొచ్చాడు.

"యాడికమ్మా?"

జయంతి పర్సు తీయబోతే కుప్పమ్మ ఆమె చేతిమీద చెయ్యి వేసి ఆపింది. తన నడుం దగ్గర చిన్న సంచి విప్పింది. అందులో ఇంటి బీగంచెవి కూడా ఉంది. చెవిని పక్కకు జరిపి డబ్బు తీసింది.

"మద్రాసుకు రెండు."

కల్వర్టు ఇంకా రాలేదు. ఈ కాలంలో పొలిమేరకు రాయీ లేదు, గోడా లేదు. వంకమీద ఒక కల్వర్టు, దాని పక్కన ఒక పెట్రోలు బంకు. బస్సులో పోయే పరాయివాడికి అక్కడ ఏమీ కనపడదు. కుప్పమ్మకు కనపడుతుంది. మొగుడు పోయిన తరవాత ఏ జాతరకూ ఆమె ఈ వైపు తల తిప్పి కూడా చూడలేదు.

బంకు జెండాలు కనపడుతుండగా ఫోను మళ్ళీ మోగింది.

అన్న.

జయంతి ఎత్తలేదు. తల్లి వైపు చాపింది. కుప్పమ్మ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. స్పీకరు ఇంకా తీయలేదు, ధనంజయ గొంతు సీటంతా వినపడింది.

"జయంతీ, అమ్మ యాడ? తలుపుకు బీగమేసుండాది. ఎండకు సుద్ద ఎండిపోయి ఒళ్ళంతా గుంజతా ఉండాది. నీళ్ళు పొయ్యాల, అమ్మను రమ్మను."

"నేనేరా," అంది కుప్పమ్మ.

"మా, యాడుండావు నువ్వు? ఎంతసేపని నిలబడేది వీధిలో. అందురూ సూస్తా ఉండారు."

"సూడనీ."

"మా?"

"గుడ్డ ఎవురు ఇప్పమన్న్యారు రా?"

ఆ వైపు డప్పులు వినపడుతున్నాయి. ఎవరో పిల్లవాడు బైరాగి అని అరిచాడు. ధనంజయ మాత్రం పలకలేదు. అంతసేపు పలకకపోవడమే కుప్పమ్మకు చాలింది.

"కడుక్కోవద్దు," అంది. "కొళాయి కాడికి పోవద్దు. పొంగలి పెట్టేదానికి గుడికి పోయిన నీ పెండ్లాం వచ్చి పోస్తానన్నా వద్దు. నేను తిరిగొచ్చి నీళ్ళు పోసేదాకా ఆ సుద్దతోనే ఉండు. ఎవురన్నా ఏందిరా ఇది అని అడిగితే, ఏంటికో నువ్వే సెప్పుకో."

"మా, ఈ ఎండకు... మా, నువ్వు యాడుండావు? ఊళ్ళోనే గదా ఉండేది?"

కల్వర్టు మీద బస్సు చిన్నగా ఎగిరింది. కుప్పమ్మ ఒక చేత్తో ముందు సీటు కడ్డీ పట్టుకుంది. ఇంకో చేతిలో ఫోను, వేపాకు. కిటికీలోనుంచి పెట్రోలు బంకు వెనక్కి పోయింది.

"దాటినాను రా," అంది.